కాజా

కాజా అంటే మొదట్లో నాకు తీపే.
పనిలో చేరిన రోజు రహంతుల్లా మేస్త్రి
"కాజాలు పట్టుకు రాపోరా" అంటే
ముత్తుకూరు సెంటర్లో నాలుగు కొనుక్కొచ్చా,
పాకం వేళ్ళకంటుకొని.
మూడు మిషన్లూ ఆగి నవ్వాయి.

అప్పుడు తెలిసింది,
కాజా అంటే చొక్కాలో బొత్తాం దూరే చీలికని,
అవి కుట్టేది మస్తాన్‌బీ అని.
పునరావాసం కాలనీ, రెండో వీధి, రేకుల గది.
చొక్కాకి ఏడు. కాజాకి అర్ధరూపాయి.
బ్లేడుతో గాటు పెట్టి
గాయం చుట్టూ దారంతో పెదవులు తీర్చేది.

ఆ ఏడు కార్తీకం ముసురులో
కృష్ణపట్నంలో నూనె ఓడ ఆగింది.
దిగినవాళ్ళలో ఒకడు,
మాకన్నా నల్లన, మా తలుపుకన్నా పొడుగు,
వొంగి లోపలికొచ్చి
తడిచొక్కా విప్పి బల్లమీద పరిచాడు.
పేరు జువావ్ అన్నాడు.
మేస్త్రికి అది జవాన్ అని వినపడింది.
మాకు రాని ఇంగ్లీషు అతనికీ రాదు.
చినిగిన చోట వేలు పెట్టి
"కాజ" అన్నాడు.

మేస్త్రి కళ్ళజోడు పైకి తోసి
"ఆఁ, కాజా" అన్నాడు.
"కాజ!"
"కాజానేలే సామీ, కాజా!"
ఒకర్నొకరు వెక్కిరిస్తున్నారేమో,
కొట్టుకుంటారేమోనని కత్తెర దాచిపెట్టా.

అతను గుర్తులుపెట్టే సుద్ద తీసుకొని
స్కూలు నిక్కర్ల ఖాకీ గుడ్డమీద
రెండు గోడలు గీశాడు, పైన కప్పు,
ఒక తలుపు, కొంచెం పొగ.
ఇంటిమీద వేలు పెట్టి, కాజ.
చొక్కా చీలికమీద వేలు పెట్టి, కాజ.
డబ్బాలోంచి బొత్తాం ఏరి "బొతావ్" అన్నాడు.
అంతటితో ఆగక వానలోకి పరిగెత్తి
కాలవగట్టున మందారం మొగ్గ తుంచుకొచ్చి
దాన్నీ బొతావ్ అన్నాడు.

మేస్త్రి చాలాసేపు ఏమీ కత్తిరించలేదు.

తర్వాతెప్పుడో చదివా,
మిరియాలకీ గుడ్డలకీ వచ్చినోళ్ళు
పులికాటు గాలికి చొక్కాలారేసుకొని
పోతా పోతా మాటలు మరిచిపోయారంట.
ఇస్త్రీ మరిచారు, తువాలు మరిచారు,
మేస్త్రిని కూడా ఇక్కడే వదిలేశారు.
రహంతుల్లా తాత ఏ ఊరివాడో గానీ
ఆయన బిరుదు మాత్రం ఓడ దిగింది.
తాళంచెవిలో చెవి మనదో వాళ్ళదో
ఇప్పటికీ నాకు అనుమానమే.

ఆ సాయంత్రం చొక్కా తీసుకపోయి
మస్తాన్‌బీకి చెప్పా:
"నువ్వు కుట్టేవి ఇళ్ళంట."
ఆమె ఊరు అప్పటికే బూడిదకుప్పల కింద ఉంది.
వేపచెట్టుకి వేరే డబ్బులిచ్చారు, ఇంటికి వేరే,
పట్టా మాత్రం రేపు రా, ఎల్లుండి రా.
సూది పంటికింద పెట్టుకొని లెక్కేసింది,
రోజుకి అరవై, ఏడాదికెన్ని,
పద్దెనిమిదేళ్ళకెన్ని.
నెల్లూరంత ఊరు దాటినాక లెక్క తప్పి
నవ్వింది.
"అన్నిళ్ళు కట్నానా అబ్బయ్యా!
పట్టాలెవరిస్తారో మీ జవాన్‌ని అడుగు."

తెల్లారి చొక్కా మడత విప్పితే
ఎనిమిది కాజాలు.
కింది అంచుకి దగ్గర,
ఎదురుగా బొత్తాం లేని చోట,
ఒకటి జాస్తి.
మేస్త్రి తిట్టుకుంటా నన్ను తరిమాడు.
ఆమె తల ఎత్తకుండా అంది,
"ఉండనీరా, ఒకటి ఖాళీగా.
ఎవురన్నా వస్తారు."

జువావ్ ఏళ్ళు... కాదు, వేళ్ళు పెట్టి లెక్కపెట్టాడు.
ఎనిమిదో దాంట్లోంచి
చిటికెనవేలు అవతలికి తీసి ఆడించాడు,
కిటికీలోంచి పిల్లోడెవడో చెయ్యి ఊపినట్టు.
డబ్బులిచ్చాడు. నూనె ఓడ వెళ్ళిపోయింది.

ఏ సముద్రంమీద ఉందో ఇప్పుడు
మస్తాన్‌బీ ఇల్లు,
అద్దె లేకుండా,
గాలి వస్తా పోతా.